పురాణం చదవనని మొండికేసిన డ్రైవ్

కార్తీకమాసం వచ్చిందంటే మా భజన మందిరంలో వినబడే గొంతు ఒక్కటే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది పెదనాయినది. ఆయన నాకు సొంత పెదనాయిన కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా నాన్న పక్క లేత్ మీద పనిచేసినవాడు, మా ఇంటికి గోడ కలిసిన ఇంటివాడు. షిఫ్టు దిగి, చేతుల నూనె మరక పోయేదాకా సబ్బుతో తోమి, ఉతికిన పంచె కట్టుకుని ఆయన పీట మీది పుస్తకం ముందు కూర్చుంటే లక్డారం నుంచి కూడా సైకిళ్ల మీద జనం వచ్చేవారు. బడిలో నాకు అక్షరాలు ఎవరో నేర్పారు. ఆ అక్షరాల్లో దేవుడుంటాడని నేర్పింది మాత్రం ఆయనే. అది నేను ఈ రోజుకీ నమ్ముతాను.

ఒక ఏడాది వానాకాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం, కరక్కాయ, తేనె, అన్నీ అయ్యాక సంగారెడ్డి తీసుకుపోయాం. స్వరపేటిక మీద చిన్న కాయలున్నాయి, తీసేయాలి, తీసేశాక కార్తీకం దాటేదాకా నోరు తెరవకూడదు అన్నాడు డాక్టరు. గుసగుస కూడా పనికిరాదట. మాట్లాడితే గొంతు శాశ్వతంగా పోతుందని మొహమాటం లేకుండా చెప్పాడు.

"మరి పారాయణం?" అన్నాడు పెదనాయిన.

"ఈ ఒక్కసారికి ఇంకెవరన్న చదువుతరు తియ్యి," అన్నది ఆయన భార్య. ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం.

ఆయన వెంట వచ్చిన మా భజన మండలి వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. ఆ చూపుకు ఎవరం తలెత్తలేదు. రోడ్డుకు అవతలి మండలి పౌరాణికుణ్ణి పిలుద్దామని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన పురాణాన్ని సినిమా పాటల వరుసలో పాడతాడని పేరు.

"గాయన చదివితే జనం దండం పెడ్తరా, ఈల కొడ్తరా?" అన్నాడు పెదనాయిన. "ఆపరేషన్ వద్దు, ఏమొద్దు. పోతే పోనియ్యి గొంతు. దేవుడిచ్చిందే గద."

అప్పుడు నాకు కంప్యూటర్ గుర్తొచ్చింది. నేను పనిచేసే, ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపు ఆఫీసులో పాతబడి తీసేసిన కంప్యూటర్‌ను మందిరానికి ఇచ్చారు. దానితో ఏం చేయాలో తెలియక కాషాయం గుడ్డ కప్పి హార్మోనియం పక్కన పెట్టుకున్నాం. ఆపరేషన్‌కు ముందే పురాణం మొత్తం పెదనాయిన గొంతుతో రికార్డు చేయించి, సీడీల మీదికి ఎక్కించి, కార్తీకంలో రోజుకొక అధ్యాయం కంప్యూటర్‌లో వినిపిద్దామన్నాను.

"నేను నోరు మూసుకున్నా నా గొంతే వస్తదా?"

"నీ గొంతే వస్తది పెదనాయినా."

"అయితే సరే. కాని ఒక్క మాట. ఏ పొద్దన్న నీ మిషన్ మొరాయిస్తే నేనే చదువుత. డాక్టరు లేడు, గీక్టరు లేడు."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఆ నెలంతా నా ప్రాణం ఆ డబ్బాలోనే ఉంది.

పటాన్‌చెరు బస్టాండు వెనక కంప్యూటర్ షాపు భాయ్ మైకు తెచ్చి, కషాయం తాగి గొంతు తేరుకున్న పూటల్లో పెదనాయిన ఇంట్లోనే రికార్డు చేశాడు. అధ్యాయాలన్నీ నాలుగైదు సీడీల్లో పట్టేలా, కంప్యూటర్‌కు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో ఎక్కించి ఇచ్చాడు. "మామూలు ప్లేయర్‌ల ఆడది. కంప్యూటర్‌లయితే మస్తు ఆడ్తది," అన్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. పెదనాయిన మౌనం పట్టాడు.

మౌనం అంటే మాకు తెలిసిన మౌనం కాదు. మాట్లాడేటప్పుడు ఆయన తిట్టే తిట్టు ఒక్కసారి వినిపించి పోయేది. ఇప్పుడు కనుబొమ్మలతో తిడితే అది పూటంతా ఉండేది. ఆయన సైగలకు అర్థం చెప్పే బాధ్యత పెద్దమ్మ తీసుకుంది. అర్థాలన్నీ ఎందుకో ఆమెకే అనుకూలంగా వచ్చేవి. ఆయన చేయి ఊపి, నోటి దగ్గర వేళ్లు పెట్టి, కళ్లు పెద్దవి చేస్తే, "చాయ వద్దంటున్నడు, మజ్జిగ చాలట," అనేది. ఆయన తల అడ్డంగా ఊపి నుదురు కొట్టుకుంటే, "నా వంట మస్తుగున్నదంటున్నడు," అనేది. "ఇన్నేండ్లకు మా ఇంట్ల నా మాట నాకు వినవడుతున్నది," అని నాతో రహస్యంగా అన్నది కూడా.

కార్తీకం మొదటి సాయంత్రం మందిరం నిండింది. మా దగ్గర పుస్తకం తెరిచే ముందు దానికి ధూపం వేయడం రివాజు. మట్టి ధూపదానిలో నిప్పులు పోసి, మీద సాంబ్రాణి చల్లి, పొగ పుస్తకానికి తగిలేలా మూడుసార్లు తిప్పుతాం. ఇప్పుడు పుస్తకం సీడీలో ఉంది. పెద్దమ్మ ఎక్కువ ఆలోచించలేదు. నన్ను బటన్ నొక్కమన్నది. డ్రైవ్ పళ్లెం బయటికి వచ్చింది. అందులో సీడీ పెట్టాను. ఆమె ధూపదానిని పళ్లెం కిందికి తెచ్చి పొగ బాగా పట్టించింది. "లోపల గూడ పట్టనీ," అని డ్రైవ్ నోటి దగ్గర కాసేపు ఆపింది. కంప్యూటర్ లోపలి ఫ్యాన్ తిరుగుతూ ఆ పొగను చక్కగా లోపలికి లాక్కుంది. అందరం చేతులు జోడించాం.

బయటి వాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. మా వాడలో దసరాకు ప్రెస్సుకు, లేత్‌కు, బాయిలర్‌కు బొట్టు పెట్టకుండా స్విచ్ వేసే మనిషి ఉండడు. మిషన్‌కు దండం పెట్టడం తప్పని మాలో ఎవరికి అనిపిస్తుంది?

పెదనాయిన గొంతు స్పీకర్లో గంభీరంగా వచ్చింది. పీట ముందు ఆయన తాను మామూలుగా కూర్చునే చోటే కూర్చుని, ప్రతి మాటకూ తల ఊపాడు. తన పురాణం తానే వింటున్న మనిషి ముఖంలో అంత తృప్తి నేను మళ్లీ చూడలేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం గొంతు ఎక్కిళ్లు పెట్టింది. రాజుగారు అడవికి, అడవికి, అడవికి పోయి అక్కడే ఉండిపోయారు. సీడీ తీసి పంచె కొసతో తుడిచి పెట్టాను. రాజుగారు కదిలారు. మరునాడు మళ్లీ ఆగిపోయారు.

"ధూపం సరిగ తగుల్తలేదేమో," అన్నది పెద్దమ్మ. సాంబ్రాణి రెట్టింపు చేసింది.

మా మండలిలో కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డు ఫోర్‌మన్ గారు ఒకరున్నారు. ఆయన కంప్యూటర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇదేంటండీ, దక్షిణ ముఖంగా పెట్టారు? యముడి దిక్కండీ అది. ఎలా చదువుతుంది చెప్పండి?" అన్నారు. తూర్పుకు తిప్పాం. ధూపం ఇంకొంచెం పెంచాం. ఆ రోజు కంప్యూటర్ అసలు సీడీనే గుర్తించలేదు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. నేను తెలుగులో చెప్పాను: దయచేసి డ్రైవ్‌లో డిస్క్ పెట్టండి.

పెద్దమ్మకు కోపమొచ్చింది. "కండ్ల ముందరనే పెట్టినం గద! ఇంకేడ పెట్టమంటది?"

"డిస్క్ పెట్టలేదు అనుకుంటున్నది పెద్దమ్మా."

"పెట్టింది కనవడక పెట్టలే అంటే ఇది మా పెద్ద కోడలు లెక్కనే ఉన్నది."

జనం నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే పెదనాయిన అప్పటికే పుస్తకం దగ్గరికి లాక్కుని గొంతు సవరించుకోవడానికి ఛాతీ పొంగించాడు. పెద్దమ్మ పరుగున పోయి కొంగుతో ఆయన నోరు మూసింది. "ఓ బిడ్డా, నువ్వు సదువు! జల్దీ సదువు!" అని నా వైపు అరిచింది.

నేను చదివాను. సంయుక్తాక్షరం దగ్గర తడబడ్డాను. ఒక చోట రెండు వాక్యాలు కలిపేశాను. పెదనాయిన నా ప్రతి తప్పుకూ నోరు తెరవబోవడం, పెద్దమ్మ కొంగు బిగించడం. అధ్యాయం అయ్యేసరికి ఆమె కుడి చేయి నొప్పి పుట్టింది. నేను చెమటతో తడిసిపోయాను. ఇంటికి పోతూ పెదనాయిన నా ముందు ఆగి, తన గొంతు మీద వేలు పెట్టి, తర్వాత తన గుండె మీద తట్టి చూపించాడు.

"రేపు గూడ గిట్లనే అయితే నేనే చదువుత అంటున్నడు," అన్నది పెద్దమ్మ. ఈసారి ఆమె తన వైపు నుంచి ఏమీ కలపలేదని ఆమె ముఖమే చెప్పింది.

ఏదైనా పని సాగనప్పుడు ముందు నీ లోపలికి చూసుకో అని నాకు నేర్పారు. ఆ రాత్రి మంచం మీద చూసుకున్నాను. పొద్దున కంపెనీ బస్సులో కిటికీ సీటు కోసం ఒకతనితో మాటా మాటా అనుకున్న సంగతి తప్ప ఏమీ దొరకలేదు. మరునాడు బస్సు ఎక్కుతూనే అతనికి క్షమాపణ చెప్పి కిటికీ సీటు ఇచ్చేశాను. అతను అనుమానంగా చూసి, సీటు మీద ఏమైనా పోశానేమోనని చేత్తో తడిమి కూర్చున్నాడు.

మధ్యాహ్నం సెలవు పెట్టి భాయ్ షాపుకు పోయాను. మా సీడీలు ఆయన కంప్యూటర్లో పెడితే పెదనాయిన గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. భాయ్ చేతులు చాచాడు.

"దేఖో, నా సీడీకి ఏం రోగం లేదు. మీ డ్రైవ్ మొన్నటిదాక ఆడింది, దానికీ ఏం రోగం లేదు. ఇద్దరికీ జాతకాలు కలుస్తలేవు, అంతే."

"భాయ్, సాయంత్రం దీపం పెట్టేలోపల ఆడాలె. లేకపోతే ఆయన నోరు తెరుస్తడు. గొంతు పోతది."

"అరె పరేషాన్ గాకుండ్రి. నేనొస్త పాండ్రి."

భాయ్ మందిరం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. ముందు కరెంటు తక్కువ వస్తోందన్నాడు. తర్వాత వైరు వదులైందన్నాడు. తర్వాత ఎండలకు డ్రైవ్ అలిసిపోయిందన్నాడు, అప్పుడు నవంబరు చలి. మూడూ తేలిపోయాక, "అసలు డ్రైవ్ బతికున్నదా లేదా చూద్దం," అని సంచిలోంచి కంపెనీ వాళ్లు అచ్చు వేసి అమ్మే సినిమా పాటల సీడీ ఒకటి తీసి లోపలికి తోశాడు.

మందిరం మీది మైకు కలిపే ఉందని ఎవరికీ గుర్తు లేదు.

డప్పులతో, ఈలలతో ఒక డాన్సు పాట మా కాలనీ మొత్తానికీ వినిపించింది. దీపాల పళ్లేలు పట్టుకుని వస్తున్న ఆడవాళ్లు గేటు దగ్గరే ఆగి, ఇది మందిరమేనా అన్నట్టు పైకి చూశారు. వీధిలో ఎవరో నిజంగానే ఈల కొట్టారు. నేను వైరు పీకేసరికి పల్లవి రెండుసార్లు అయిపోయింది.

ఒక్క ఎక్కిలి కూడా లేదు. సినిమా పాట నేతి గారెలా జారిపోయింది.

"దీని ముఖం మండ!" అన్నది పెద్దమ్మ. "సినిమా అయితే సదువుతది, దేవుని మాటయితే గుడ్డిదైతదా? బిడ్డా, గిది మన మందిరంల ఉండే మిషన్ గాదు."

ఫోర్‌మన్ గారు కలి ప్రభావం అన్నారు. నాకూ లోపల భయంగానే ఉంది. సినిమాకు నోరు తెరిచి పురాణానికి మూసుకునే యంత్రాన్ని చూసి భక్తుడెవడైనా ఏమనుకుంటాడు?

భాయ్ మాత్రం తల గోక్కున్నాడు. "కంపెనీ సీడీ అంటే అచ్చు గుద్దిన బిళ్ల లెక్క. నేను కాల్చి ఎక్కించింది పెన్సిల్‌తోని రాసినట్టు, పల్చగుంటది. చూపు మందగించినోడు బిళ్ల మీది బొమ్మ గుర్తువడ్తడు, పెన్సిల్ రాత గుర్తువట్టడు. దీని కంటికి ఏమో అయ్యింది. ఇప్పి చూడాలె."

ఆయన చెప్పిన మాటల్లో నాకు అర్థమైనది ఇదొక్కటే. ప్రెస్ షాపులో డై అనే ఉక్కు దిమ్మ కింద నలిగిన రేకు మీది అచ్చును కళ్లు మూసుకుని వేలితో చదవొచ్చు. రేకు మీద సుద్దతో గీసిన గీతకు వెలుతురు కావాలి.

అప్పటికే పెదనాయిన పీట ముందు కూర్చున్నాడు. పుస్తకం మీది పట్టు గుడ్డ తీశాడు. నిన్నటి గుర్తు దగ్గర పేజీ తెరిచాడు. వత్తి వెలిగించడానికి చేయి చాచాడు. దీపం వెలిగాక మా దగ్గర ఇక ఆలస్యం ఉండదు.

"ఆగు పెదనాయినా, జెర ఆగు!" అన్నాను.

ఆయన దీపం వైపు చూపించి, తలుపు సందులోంచి కనిపిస్తున్న ఆకాశం వైపు చూపించాడు. పొద్దు కుంకుతోంది. పెద్దమ్మ అగ్గిపెట్టె తీసి నడుముకు దోపుకుని, "నా దగ్గరనే ఉన్నది. తీస్కో చూద్దం," అన్నది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా భాయ్ డ్రైవ్‌ను బయటికి లాగి నాలుగు స్క్రూలు విప్పి పైరేకు ఎత్తాడు.

ఎత్తి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు.

"ఏంది భాయ్?"

"యా అల్లా. మీ డ్రైవ్‌ల దర్గా వాసనొస్తున్నది."

"దర్గా వాసనేంది?"

"లోబాన్ భాయ్, లోబాన్! ఎవరో దీంట్ల లోబాన్ వెట్టినరు."

లోబాన్ అంటే సాంబ్రాణే. నేను వంగి చూశాను. లోపల కంది గింజంత అద్దం ఉంది. సీడీ మీది రాత చదివే కన్ను అదే. దాని మీద పసుపు పచ్చని జిగురు పొర. పళ్లెం అంచుల్లో, చిన్న చక్రాల మీద, అంతటా అదే జిగురు, దాని మీద సన్నటి మసి. మేము భక్తితో వేసిన ధూపమంతా పోయి ఆ కంటికి పొరై కూర్చుంది. అది ఎక్కిలి పెట్టిన ప్రతిసారీ మేము ధూపం పెంచాం. పెంచిన కొద్దీ దాని చూపు తగ్గింది.

అందరం ఒకేసారి ధూపదాని వైపు చూశాం. అది పెద్దమ్మ చేతిలోనే, అప్పుడే పోసిన నిప్పులతో, పొగ కక్కుతూ ఉంది. ఆమె దాన్ని మెల్లగా వెనక్కి దాచుకుంది.

"నేనొక్కదాన్నే ఏసిన్నా?" అన్నది. "మీరందరు దండం వెట్టలే?"

నిజమే. పెట్టాం. మనసారా పెట్టాం.

పెదనాయిన భుజాలు కదలడం మొదలైంది. గొంతు సవరించుకుంటున్నాడేమోనని హడలిపోయాను. కాదు, నవ్వుతున్నాడు. చప్పుడు రాకుండా, కళ్ల నీళ్లు కారేట్టు నవ్వుతున్నాడు. పెద్దమ్మ ఆయన తొడ మీద ఒక్కటిచ్చి, "నవ్వకు! నవ్వొద్దన్నడు డాక్టరు!" అన్నది. డాక్టరు అలా అన్నట్టు నాకు గుర్తు లేదు.

భాయ్ దూది పుల్లకు సీసాలోని మందు అద్ది ఆ కంటిని తుడిచాడు. దూది బెల్లం రంగుకు వచ్చింది. ఇంకొకటి, ఇంకొకటి. రేకు మూసి డ్రైవ్‌ను దాని చోట బిగించి పురాణం సీడీ పెట్టాడు. పళ్లెం లోపలికి పోయింది. సీడీ తిరిగే చప్పుడు, ఆగడం, మళ్లీ తిరగడం. నేను కళ్లు మూసుకుని మనసులో ఎవర్ని తలుచుకోవాలో వాళ్లందర్నీ తలుచుకున్నాను. తెర మీద అధ్యాయాల వరుస కనబడింది.

పెద్దమ్మ అగ్గిపెట్టె ఇచ్చింది. పెదనాయిన దీపం వెలిగించాడు.

అయితే ధూపం సంగతి తేలలేదు. ధూపం లేకుండా పురాణం మొదలుపెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. దగ్గర పెడితే భాయ్ ఒప్పుకోలేదు. ఫోర్‌మన్ గారు ఆలోచించి, మాట పుట్టేది సీడీలో అయినా వెలువడేది స్పీకర్లో కదండీ, ధూపం వాక్కుకు గానీ పళ్లేనికి కాదు కదండీ అన్నారు. సమ్మతమే అన్నట్టు పెదనాయిన తల ఊపాడు. పెద్దమ్మ గోడకున్న స్పీకర్ కిందికి పోయి మూడుసార్లు తిప్పింది. "దీనికి లోపల కన్ను లేదు గద?" అని భాయ్‌ని అడిగింది. లేదన్నాడు. "అయితే ఇంకో పిడికెడు ఎయ్యి," అన్నది నాతో.

పెదనాయిన గొంతు వచ్చింది. రాజుగారు అడవి దాటారు. మేమంతా ఊపిరి వదిలి కూర్చున్నాం. కథ మంచి పట్టులో ఉండగా స్పీకర్లోంచి కుక్కర్ విజిల్ వినబడింది, వెంటనే పెదనాయిన గొంతు అదే పురాణం స్వరంలో, "ఆ కుక్కర్ దింపవే, నెత్తి మీద కూసున్నది," అన్నది.

"దింపిన, సదువు!" అన్నది పెద్దమ్మ గట్టిగా, ఆడవాళ్ల వరుసలోంచి. అనేశాక గాని ఆమెకు తెలియలేదు. మందిరం ఘొల్లుమంది. భాయ్ కూడా గుమ్మం దగ్గర కూర్చుని నవ్వాడు.

పెదనాయిన నవ్వలేదు. ఆయన ముందుకు వంగి వింటున్నాడు. ఒక వేలితో పుస్తకంలో వరుసలు పట్టుకుంటూ వింటున్నాడు. ఒక చోట వేలు ఆగింది. ఇంకొంచెం పోయాక మళ్లీ ఆగింది. చేయెత్తి నన్ను ఆపమన్నాడు. ఆపాను. మళ్లీ పాడయిందేమోనని జనం కంగారుపడ్డారు. ఆయన పుస్తకం నా ముందుకు తోసి, వేలు పెట్టిన వాక్యం చూపించాడు. నేను చదివాను. ఆయన స్పీకర్ వైపు చూపించి, వాక్యం కొసను రెండు వేళ్లతో తుంచేసి నోట్లో వేసుకున్నట్టు చేసి చూపించాడు.

"వాక్యం కొసలు మింగుతున్ననే అంటున్నడు," అన్నది పెద్దమ్మ. "నేను ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న! వింటేనా? తన గొంతు తనకు ఇయ్యాల వినవడ్డది."

తర్వాత ప్రతి సాయంత్రం అదే పద్ధతి. సీడీ ఆడుతుంది. కొస మింగిన చోట ఆయన చేయెత్తుతాడు. నేను ఆపి ఆ వాక్యం పుస్తకం చూసి పూర్తిగా చదువుతాను. నా చదువులో ఆయనకు నచ్చని చోట మళ్లీ చదివిస్తాడు. మిగిలిన కార్తీకమంతా ఆయన నోరు తెరవలేదు, తెరవాల్సిన పని పడలేదు. చలికాలం పోయేసరికి డాక్టరు చెప్పినట్టే గొంతు తిరిగి వచ్చింది. అది భగవంతుడి దయ. డాక్టరు తన దయ అనుకుంటాడు, అనుకోనీ.

నేను మర్చిపోలేనిది మాత్రం డ్రైవ్ బాగైన మరునాటి ఉదయం. ఇంకా చీకటి పూర్తిగా విడవలేదు. తలుపు దబదబా కొట్టారు. తీస్తే పెదనాయిన, స్నానం చేసి, చంకలో పుస్తకంతో. నన్ను అడగకుండానే చాప పరిచి, ఆ సాయంత్రం రావాల్సిన అధ్యాయం తెరిచి, చదవమని సైగ చేశాడు. ఎందుకని అడిగాను. సీడీలు ఉన్నాయి కదా, డ్రైవ్ బాగైంది కదా అన్నాను. ఆయన తన గొంతు చూపించాడు, సీడీ తిరిగినట్టు వేలు తిప్పాడు, రెండింటికీ చేయి ఊపేసి నా నోటి వైపు వేలు చూపించాడు. అర్థం చెప్పడానికి పెద్దమ్మ లేదు. అక్కర కూడా లేదు.

చదవడం మొదలుపెట్టాను. దీర్ఘం తగ్గితే చిటిక వేశాడు. కొస మింగితే నేల మీద చరిచాడు. ఒక పేజీకే మా వీధి కుక్కలు లేచాయి. అంతలో కంపెనీ బస్సు వచ్చి ఇంటి ముందు హారన్ కొట్టింది. లేవబోయాను. ఆయన నా మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. అధ్యాయం మధ్యలో లేవకూడదు. హారన్ మళ్లీ మోగింది. మూడోసారి మోగాక డ్రైవర్ దిగి, "అన్నా, టైమైతున్నది, సూపర్‌వైజర్ తిడ్తడే," అంటూ గుమ్మంలోకి వచ్చాడు.

పెదనాయిన అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, చెప్పులు విడవమని సైగ చేసి, చాప మీద ఖాళీ చోటు చూపించాడు.